తేట నీరు – మంచి నీరు
(గాజుతొట్టిలో కలక: కారణాలు, నివారణ)

తెలుగు సాహిత్యం బోధించేవాడు చేపల తొట్టిని గూర్చి వ్యాసం వ్రాయడమేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. ఆ ఆశ్చర్యం సహజమే. నేను జంతుశాస్త్రం చదివినవాడను కాను. కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, పాఠాలు చెప్పుకొంటున్నవాడను. అయితే గడచిన మూడు సంవత్సరాలలో మూడు ఇళ్ళలోని మూడు గాజుతొట్లను దగ్గరగా గమనించే అవకాశం నాకు కలిగింది. ఒకటి జనగామలోని మా ఇంటిది; రెండవది మహబూబాబాదులోని మా అక్కగారిది; మూడవది భూపాలపల్లిలోని మా బావమరిదిది. మూడింటిలోను నీరు కలకబారింది. చూడడానికి వ్యాధి ఒక్కటే. విచారించగా కారణాలు మూడు. మొదటి తొట్టి విషయంలో నేను తెలియక చేసిన పని వలన రెండు మూగప్రాణాలు పోయాయి. అట్టి పొరపాటు మరొక ఇంట జరుగకూడదన్నదే ఈ వ్యాసం వ్రాయడంలో నా ఉద్దేశం.

జనగామ తొట్టి

ఎనిమిదేండ్ల మా అమ్మాయి కోరగా పండుగకు ఒక గాజుతొట్టి కొన్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచువరకు నింపితే సుమారు 56 లీటర్ల నీరు పడుతుంది. మేము 50 లీటర్ల వరకు నింపాము. అడుగున రంగురాళ్ళు పరచి, గాలి పంపు, స్పాంజి ఫిల్టరు అమర్చి, అదే సాయంత్రం రెండు బంగారు చేపలను విడిచాము. నాలుగవ నాటికి నీరు పాలు కలిపినట్లు తెల్లబడింది. చేపలు బాగానే తిరుగుతున్నాయి. అయినా ఆ నీరు చూచి నా మనస్సు ఊరుకోలేదు. తొట్టి మొత్తం ఖాళీచేసి, రాళ్ళను వేడినీటితో కడిగి, స్పాంజిని నల్లా క్రింద పిండి పిండి ఉతికి, క్రొత్తగా బోరునీరు నింపాను. నీరు అద్దమయింది. అమ్మాయి సంతోషానికి అవధి లేదు. ఆ సంతోషంలో రోజుకు నాలుగుసార్లు మేత వేసేది. చేపలు ఒక్క పలుకు మిగల్చక తినేవి. ఆరు రోజులకు అవి నీటిపైకి వచ్చి నోరు తెరచి గాలి పీల్చసాగాయి. పదవనాటి ఉదయం రెండూ తేలియాడుతూ కనిపించాయి. నీరు మాత్రం అప్పటికీ అద్దంవలెనే ఉంది.

“అబ్బా, నీళ్ళు ఇంత మంచిగ ఉన్నయి కదా, ఎందుకు సచ్చిపోయినయి?” అని అమ్మాయి అడిగింది. నా వద్ద సమాధానం లేదు.

ఆ నీటిని ఒక సీసాలో పోసుకొని మరునాడు జంతుశాస్త్రం బోధించే సహోద్యోగి వద్దకు వెళ్ళాను. ఆయన ఒక పరీక్షనాళికలో కొద్ది నీరు తీసుకొని, రెండు ద్రావణాల చుక్కలు వేశారు. కొంతసేపటికి నీరు ముదురు ఆకుపచ్చకు తిరిగింది. అమ్మోనియా మిక్కుటంగా ఉన్నదనడానికి అది గుర్తు. “సార్, మీరు మురికిని కడుగలేదు, కాపలావాండ్లను కడిగేసిండ్రు” అన్నారాయన. ఆ ఒక్క మాటలో ఈ విషయసారమంతా ఉంది.

కనిపించని కాపలాదారులు

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమైన తరువాత వాటిలోని నత్రజనిలో అధికభాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోనికి వెలువడుతుంది. కుళ్ళిన మేత, రాలిన ఆకులు, మలం కూడ అమ్మోనియానే విడుదల చేస్తాయి. ఇది చేపకు విషం. ప్రకృతిలో ఈ విషాన్ని విరుగగొట్టే పని రెండు తెగల సూక్ష్మజీవులది. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడ విషమే. రెండవ తెగ దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చేపకు అంతగా హాని చేయదు, మొక్కలకు ఆహారమవుతుంది, మిగిలినది నీరు మార్చినప్పుడు బయటకు పోతుంది. నేలలో జరిగే ఈ ప్రక్రియకు కారకులైన జీవులను 1890 ప్రాంతంలో వేరుచేసి చూపినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. మన పొలంలో యూరియా పంటకు ఎక్కడానికి తోడ్పడే జీవులును, మన తొట్టిలో చేపను బ్రతికించే జీవులును ఒకే కోవకు చెందినవి.

ఈ మేలుచేసే జీవులు నీటిలో తేలుతూ ఉండవు. స్పాంజి రంధ్రాలలో, గులకరాళ్ళ మీద, గాజు గోడలమీద పలుచని జిగురుపొరగా అతుక్కొని ఉంటాయి. అవి మెల్లగా పెరుగుతాయి. సంఖ్య రెట్టింపు కావడానికి దాదాపు ఒక దినం, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పడుతుంది. క్రొత్త తొట్టిలో అవి చాలినంతగా స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు కావలెను.

ఇక పాలవంటి తెలుపు ఎక్కడిది? అది మరొక రకం సూక్ష్మజీవులది. కుళ్ళే పదార్థాన్ని తిని బ్రతికే ఈ జీవులు అనుకూల పరిస్థితులలో గంటలోపే రెట్టింపు కాగలవు. క్రొత్త తొట్టిలో వాటికి పోటీ లేదు. మేత ముక్కలు సమృద్ధి. కావున నాలుగైదు రోజులలో కోట్లకొలదిగా పెరిగి నీటిలో తేలియాడుతూ వెలుతురును చెదరగొడతాయి. అదే మనకు తెల్లని మసకగా కనిపిస్తుంది. తిండి తరగగానే అవి తమంతట తామే నశిస్తాయి. సాధారణంగా వారం పది రోజులలో నీరు తేరుకొంటుంది. ఈలోగా మనం చేయవలసినది మేత తగ్గించడం, గాలి పంపును ఆపకుండా ఉంచడం, ఓర్పు వహించడం. ఈ జీవులు ప్రాణవాయువును ఎక్కువగా వాడుకొంటాయి గనుక గాలి బుడగలు అత్యవసరం.

నేను చేసినదేమి? తేలియాడే జీవులను పారబోశాను. వాటితోపాటు రాళ్ళమీద, స్పాంజిలో అప్పుడప్పుడే నిలదొక్కుకొంటున్న కాపలాదారులను కూడ తుడిచిపెట్టాను. నీరు తేటపడింది, విషం పేరుకొన్నది. ఆ మోతాదులో అమ్మోనియాకు రంగు లేదు, మన ముక్కుకు అందే వాసనా లేదు. నీటి రంగు, రుచి, వాసన మారలేదా అని చూడడం మసీదు హౌజు దగ్గర చిన్ననాడు మాకు పెద్దలు నేర్పిన కొలత. మన వాడుకకు ఆ కొలత సరిపోతుంది. రాత్రింబగళ్ళు ఆ నీటినే మొప్పలతో పీల్చే చేపకు మాత్రం ఆ కొలత చాలదు.

దీనికి తోడు మా బోరునీరు. జనగామ పరిసరాలు గట్టి శిలల నేల. బోరునీరు సాధారణంగా కఠినజలం, క్షారగుణం కలది. నీటి ఉదజని సూచిక, అనగా పి.హెచ్. విలువ, ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషరూపం సుమారు పది రెట్లు పెరుగుతుంది. వేడి పెరిగినా అది పెరుగుతుంది. అంటే మన క్షారపు నీటిలో, మన ఎండలలో కొద్దిపాటి అమ్మోనియా కూడ ఎక్కువ కీడు చేయగలదు. పైగా వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములకు పైగా కరిగే ప్రాణవాయువు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. మా చేపలు పైకివచ్చి నోరు తెరచినది ఆకలితో కాదు. మేము ఆకలి అనుకొని మరికొంత మేత వేశాము.

మహబూబాబాదు తొట్టి

మా అక్కగారి ఇంట తొట్టిని తూర్పు కిటికీ ప్రక్కన ఉంచారు. ఆరు నెలలు నిక్షేపంగా సాగిన తొట్టిలో వేసవి రాగానే నీరు పచ్చబడింది. నీరు మార్చితే నాలుగు రోజులు తేటగా ఉండడం, మరల పచ్చబడడం. చేపలకు విషమెక్కిందని ఇంటిల్లిపాది భయపడ్డారు. నిజానికి చేపలు నిగనిగలాడుతున్నాయి. ఆ పచ్చదనం ఒంటికణపు శైవలాలది. కంటికి విడిగా కనిపించని చిన్న మొక్కలవి. ఎండ, నైట్రేటు, భాస్వరం ఉన్నచోట అవి పెరుగుతాయి. క్రొత్త నీరు పోసినప్పుడల్లా వెలుతురు లోపలికి బాగా దిగి వాటికి మరల బలం చేకూరేది.

పచ్చనీరు సర్వత్రా చెడ్డది కాదు. ఆంధ్రదేశంలో చేపల చెరువులు సాగుచేసే రైతులు ఎరువు వేసి మరీ నీటిని పచ్చబరుస్తారు. ఆ శైవలాలు సూక్ష్మజంతువులకు, అవి చేపలకు ఆహారమవుతాయి. నీటి తేటదనం కొలవడానికి వారు వాడే తెలుపు నలుపు బిళ్ళ 1865లో ఆంజెలో సెకీ అనే ఇటలీ దేశపు మతాచార్యుడు, ఖగోళజ్ఞుడు సముద్రంలో ప్రయోగించిన బిళ్ళకు వారసురాలే. బిళ్ళ ఎంత లోతున కనుమరుగవుతుందో అదే నీటి తేటదనానికి కొలత. ఇంటి తొట్టిలో మాత్రం పచ్చనీటితో ఒక ప్రమాదం కలదు. పగలు ప్రాణవాయువు విడిచే శైవలాలు రాత్రివేళ దానినే పీల్చుకొంటాయి. అవి మితిమీరితే తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు.

పరిహారం సులువైనది. తొట్టిని కిటికీకి దూరంగా జరిపాము. దీపం వెలిగించే కాలాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించనీయలేదు. మొదట నాలుగు రోజులు తొట్టికి నల్లని గుడ్డ కప్పి, గాలి పంపును నడుపుతూనే ఉంచి, మేత దాదాపు నిలిపివేశాము. వెలుతురు లేక శైవలాలు చచ్చాయి. అవి కుళ్ళి అమ్మోనియా కాకమునుపే పావువంతు నీరు చొప్పున రెండుసార్లు మార్చాము. తరువాత మన చెరువులలోనే దొరికే హైడ్రిల్లా, వాలిస్నేరియా మొక్కలను బాగా కడిగి నాటాము. శైవలాలు కోరే ఆహారాన్ని ఇవి ముందే లాగుకొంటాయి. “ఇన్ని రోజులు నీళ్ళను మార్చిన, మార్చవలసింది కిటికీని” అని ఆపా నవ్వింది.

భూపాలపల్లి తొట్టి

మా బావమరిది సింగరేణి ఉద్యోగి. ఆయన తొట్టి నింపిన గంటలోనే నీరు బూడిదరంగుకు తిరిగింది. “దూల్హాభాయ్, ఇది బొగ్గు దుమ్ము, ఈ ఊర్లో చేపలు బతకవు” అని ఫోనులో నిరాశగా చెప్పాడు. నేను వెళ్ళి చూడగా ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకను ఒక్కసారి కడిగి అడుగున పోసినట్లు తెలిసింది. నేరం బొగ్గుది కాదు, ఇసుకది. ఇసుకలోని సన్నని బంకమట్టి రేణువులు ఒకే రకపు విద్యుదావేశం కలిగి ఒకదానినొకటి తోసుకొంటూ ఉంటాయి గనుక త్వరగా అడుగుకు దిగవు. ఇసుకను బయటకు తీసి, బకెట్టులో కొద్దికొద్దిగా వేసి, వార్చిన నీరు తేటగా వచ్చేవరకు పది పన్నెండు సార్లు కడిగాము. మరల పరచి, పైన ఒక పళ్ళెం ఉంచి, నీటి ధార ఆ పళ్ళెం మీద పడేటట్లు నింపాము. ఇసుక కదలలేదు, నీరు కలక కాలేదు.

తరువాత అలంకారం కొరకు ఒక ఎండు మొద్దును తొట్టిలో పెట్టగా నీరు పలుచని చాయవలె గోధుమరంగుకు తిరిగింది. ఇది కలక కాదు, చెక్కలోని టానిన్ల రంగు. చేపలకు హాని లేదు. మొద్దును ముందుగా కొన్నాళ్ళు నానబెట్టి, నీరు మారుస్తూ ఉంటే రంగు తగ్గుతుంది.

గ్లాసు పరీక్ష

కారణం తెలియనిదే చికిత్స చేయరాదు. తొట్టిలోని నీటిని తెల్లని గాజు గ్లాసులో తీసుకొని, వెనుక తెల్లకాగితం పెట్టి చూడండి. ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లవారేసరికి అడుగున మట్టి పేరుకొంటే అది ఇసుక దుమ్ము. పచ్చగా కనిపిస్తే శైవలాలు. తేటగానే ఉండి చాయరంగు కలిగి ఉంటే చెక్క రంగు. అడుగున ఏమియు దిగక పాలవలెనే ఉంటే సూక్ష్మజీవులు. మరొకటి కూడ కలదు: కఠినమైన బోరునీరు పట్టగానే స్వచ్ఛంగా ఉండి, గాలి తగిలిన కొన్ని గంటలకు సన్నని సున్నపు మసక కడితే అది నీటిలో కరిగిన సున్నం బయటపడడమే. అట్టి నీటిని ఒక దినం బకెట్టులో ఉంచి, పైతేట మాత్రమే వాడవచ్చును.

తెలుగునాట కలకనీరు తేర్చడానికి పటిక త్రిప్పడం, చిల్లగింజను అరగదీసి బిందెలో కలపడం అనాదిగా ఉన్నవే. అవి మట్టిరేణువులను ముద్దగట్టించి అడుగుకు దింపుతాయి. త్రాగునీటి విషయంలో ఇవి మన పెద్దల విజ్ఞానానికి నిదర్శనాలు. చేపల తొట్టిలో వీటిని వేయరాదు. పటిక నీటి ఆమ్లగుణాన్ని పెంచుతుంది. అట్టి నీటిలో కరిగిన అల్యూమినియం చేప మొప్పలకు చేటు. పైగా మేత ఎక్కువై పుట్టిన కలకను పటిక మరుగుపరచగలదే గాని మేతను తగ్గించలేదు. చిల్లచెట్టు పేరు తలచినంతనే నీరు తేరుకోదన్న భావం మనుస్మృతిలో ఉంది. పేరు చాలదు, పని కావాలి, అదీ తగిన పని కావాలి.

నీరు మార్చే విధానం

వారానికొకసారి పావువంతు నీరు రబ్బరు గొట్టంతో అడుగునుండి తీసివేసి, అదే పరిమాణంలో క్రొత్త నీరు పోయాలి. మొత్తం నీరు ఎన్నడూ మార్చరాదు. స్పాంజిని తొట్టినుండి తీసిన పాతనీటిలోనే మెల్లగా పిండాలి. నల్లా క్రింద కడుగరాదు. సబ్బు తొట్టి దరిదాపులకు రారాదు. మేత రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయాలి. ఒక పూట వేయకున్నా చేపకు నష్టం లేదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం వలన నేడు మన ఇళ్ళకు నల్లాల ద్వారా శుద్ధిచేసిన నీరు వస్తున్నది. ఆ నీటిలో రోగక్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు మేలుచేసే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది. తొట్టిలోని మేలైన జీవులను కూడ చంపుతుంది. అందుచేత నల్లానీటిని వెడల్పు పాత్రలో ఒక దినం ఉంచిగాని, సోడియం థయోసల్ఫేటు ద్రావణాన్ని, అనగా దుకాణాలలో దొరికే యాంటీక్లోరిన్ చుక్కలను, తగుపాళ్ళలో కలిపిగాని వాడాలి.

ఈ సమతౌల్య రహస్యాన్ని తొలుత ప్రయోగపూర్వకంగా ప్రకటించినవారిలో లండను రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ముఖ్యుడు. 1850లో ప్రకటించిన ప్రయోగంలో ఆయన గాజుపాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను కలిపి పెంచాడు. కొంతకాలానికి రాలిన ఆకులు కుళ్ళి నీరు కలకబారింది. ఆయన నీరు పారబోయలేదు; కుళ్ళిన ఆకును తినే నత్తలను చేర్చాడు. నీరు తేరుకొన్నది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపల గృహం తెరచారు. మన దేశంలో ప్రసిద్ధమైన ముంబయిలోని తారాపోర్‌వాలా చేపల ప్రదర్శనశాల 1951లో వెలసింది. ఇంత చరిత్రకు మూలంలో ఉన్నది కలకనీటిని చూచి తొందరపడని ఒక మనిషి ఓర్పు.

చెరువుకు చేటు చేయరాదు

విసుగెత్తినవారు తొట్టిలోని చేపలను ఊరి చెరువులో విడువడం కలదు. పుణ్యకార్యమని తలచి చేసే ఈ పని వలన కీడే ఎక్కువ. గాజుకు పట్టిన పాచి తింటుందని తొట్లలో పెంచే దక్షిణ అమెరికా జాతి పెంకుచేప ఇట్లే బయటపడి తెలుగు రాష్ట్రాల జలాశయాలలో వ్యాపించింది. జాలరుల వలలు చింపుతున్నది. స్థానిక చేపల తిండికి పోటీ వస్తున్నది. దీని వ్యాప్తిని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలోని జన్యుపదార్థ పరీక్షల ద్వారా పరిశీలించారు. బయ్యారం చెరువు, ఘనపురం చెరువు వంటివి కాకతీయుల కాలంనుండి మనకు సంక్రమించిన ఆస్తులు. ఆ చెరువుల నీరు వానకాలంలో ఎర్రగా కలకబారినా లోతు, వైశాల్యం, మొక్కలు, కోటానుకోట్ల సూక్ష్మజీవులు కలిసి దానిని సరిదిద్దుకొంటాయి. మన 50 లీటర్ల తొట్టికి ఆ బలం లేదు; అందుకే దాని భారం మనపై ఉంది. చేపలను పెంచలేనివారు మరొక పెంపకందారునికి ఇవ్వవలెనే గాని చెరువులో కలుపరాదు.

కమిటీ వారికి ఒక మనవి

మన కళాశాల పఠనమందిరంలో ఒక గాజుతొట్టి నెలకొల్పి, వార్షికోత్సవం నాడు దానిని ప్రారంభించాలని కమిటీ పెద్దలు యోచిస్తున్నట్లు విన్నాను. ఎంతో సంతోషం. అయితే ఆ ఉదయమే నీరు నింపి, ఆ సాయంత్రమే చేపలను విడువవద్దని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆరు వారాల ముందే తొట్టిని నింపి, ఫిల్టరు నడిపి, చేపలు లేకుండానే రోజుకొక చిటికెడు మేత వేయించండి. అది కుళ్ళి పుట్టే అమ్మోనియాయే మేలైన జీవులకు తొలి ఆహారం. జంతుశాస్త్ర విభాగంలోని పాత తొట్టి స్పాంజిని అందులో పిండితే పని మరింత త్వరగా అవుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమని తేలిన తరువాతనే చేపలు, అవియు రెండు మూడు మాత్రమే. వేసవి సెలవులలో దాని పోషణ ఎవరిదో కూడ ముందే నిర్ణయించడం మంచిది.

మా ఇంట అట్లే చేశాము. ఖాళీ తొట్టిని అయిదు వారాలు చూస్తూ కూర్చున్నాము. మొదటి వారంలో నీరు మరల పాలవలె తెల్లబడింది. నా చేయి బకెట్టు వైపు పోబోయింది. “వద్దు అబ్బా, అదే తేరుకుంటది” అని అమ్మాయి ఆపింది. తొమ్మిదవనాటికి నీరు తేరుకొన్నది. ఇప్పుడు ఆ తొట్టిలో రెండు చేపలు రెండవ సంవత్సరంలో ఉన్నాయి. మేత రోజుకు రెండుసార్లే వేస్తుంది. వారానికొకసారి స్పాంజిని తానే పాతనీటిలో పిండుతుంది. నల్లా వద్దకు నన్ను పోనివ్వదు.